రెడ్ కార్డు ఇచ్చిన ఇంటికి

మధ్యాహ్నం మూడుంపావుకి మా మావయ్య నా విజిల్‌ని కొళాయి కింద కడిగి, తువ్వాలుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో మా కోనసీమలో రెండు హైస్కూళ్ళ మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే రిఫరీ ఎక్కడినుంచో వచ్చేవాడు కాదు. పక్క ఊరి డ్రిల్లు మాస్టారే వచ్చేవాడు. గ్రౌండు చుట్టూ నిలబడ్డవాళ్ళలో సగం మంది ఆయనకి చుట్టాలో, తెలిసినవాళ్ళో అయి ఉండేవారు. అందుకని డ్రిల్లు మాస్టారైన మా మావయ్య కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యేదాకా ఎవరిచ్చిన కొబ్బరి బొండమూ ముట్టకూడదు (మా వైపు ఇది ఉపవాసం కన్నా కష్టం, ఉపవాసానికి ఎవరూ నొచ్చుకోరు). పిల్లల్ని ‘ఒరేయ్’ అనకూడదు. ఎవరికైనా రెడ్ కార్డు ఇస్తే అదే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, పిల్లాడేం చేశాడో పెద్దవాళ్ళకి మనమే చెప్పాలి. వాడు బాగా చేసిన పని కూడా ఒకటి చెప్పి రావాలి. “గ్రౌండులోంచి పంపింది మనం. ఇంట్లోకి పంపాల్సింది కూడా మనవేరా అల్లుడూ” అనేవాడు.

నేను కొత్తగా డ్రిల్లు మాస్టారునయ్యాను. కొత్తపేటలో ఆ రోజు జరిగేది రిఫరీగా నా మొదటి మ్యాచ్. మావయ్య లైన్స్‌మన్‌గా నిలబడడానికి ఒప్పుకున్నాడు. మర్నాడు నాకు పెళ్ళిచూపులు. అంతకుముందు వచ్చిన సంబంధాలు ‘రోజంతా పిల్లలతో గెంతే ఉద్యోగమా’ అని వెనక్కి పోయాయి. ఇది పాస్టరుగారు చెప్పిన సంబంధం. ఇదీ పోతే ఇంకెవరినీ అడగనని మా అమ్మ తేల్చి చెప్పింది. అమ్మాయి ఫోటోని బైబిల్లో పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. ఆ ఫోటో కోసం నేనూ బైబిలు తరచుగా తీస్తున్నాను (అమ్మ దాన్ని భక్తి అనుకుంది).

సెకండాఫ్‌లో గోల్‌కీపరు కింద పడిపోయి ఉండగా బంతి సరిగ్గా గోల్లోకి వెళుతోంది. వెనకనున్న ఫుల్‌బ్యాక్ కుర్రాడు దాన్ని రెండు చేతులతో, పనసకాయ పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. విజిల్ ఊదాను. రెడ్ కార్డు తీసి, “దయచేసి బయటికి వెళ్ళండి” అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. మ్యాచ్ ముగిశాక వాళ్ళ స్కూలు డ్రిల్లు మాస్టారు నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మీరేవీ అనుకోకండి మాస్టారూ. ఇచ్చిన కార్డు వెనక్కి తీసుకునే పద్ధతేవైనా ఉందాండి?”

“లేదండి.”

“ఆయ్, లేదనే అనుకున్నానండి. రేపు మీరు చూడ్డానికెళ్ళేది ఆ కుర్రాడి అక్కనేనండి.”

నేను మావయ్య వైపు చూశాను. ఆయన అప్పటికే స్కూటరు తీస్తున్నాడు. “రేపెలాగూ వెళ్తాం కదా మావయ్యా, రేపు చెప్దాం” అన్నాను. “రేపు వెళ్ళేది పెళ్ళికొడుకు. ఇవాళ వెళ్ళాల్సింది రిఫరీ. ఎక్కు” అన్నాడు. కాలవ గట్టు వెంబడి వెళుతున్నంతసేపూ నిక్కరు మార్చుకోవడానికి చోటేదైనా దొరుకుతుందేమోనని చూశాను. అన్ని చోట్లా మనుషులున్నారు. అందరూ మావయ్యకి నమస్కారం పెడుతున్నారు.

అమ్మాయి తల్లిదండ్రులు మర్నాటి సరుకుల కోసం అమలాపురం వెళ్ళారు. అరుగు మీద వాళ్ళ నాయనమ్మగారు చింతపండు గింజలు తీస్తున్నారు. పాస్టరుగారు ఇచ్చిన ఫోటోలో నన్ను చూసి ఉండడంతో గుర్తుపట్టి లేచి నిలబడ్డారు.

“వందనాలండి. పెళ్ళిచూపులు రేపు కదండీ బాబూ! ఇవాళే వచ్చేసేరేంటండీ?” అని నా మోకాళ్ళ వైపు చూసి, “ఇలాగొచ్చేసేరేంటండీ?” అన్నారు.

ఆ మాటకి లోపలినుంచి అమ్మాయి వచ్చింది. తలకి నూనె, చేతికి శనగపిండి. ఆమె వెనక తలుపు చాటున మా ఫుల్‌బ్యాక్.

“నేను పెళ్ళికొడుకుగా రాలేదండి. రిఫరీగా వచ్చేనండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జరిగింది చెప్పాను.

“ఎల్లో కార్డివ్వకుండా ఏకంగా రెడ్డిచ్చేసేరేంటండీ?” అంది అమ్మాయి.

“గోల్లోకి వెళ్ళే బంతిని చేత్తో ఆపితే నేరుగా రెడ్డేనండి.”

“చేత్తోనా? భుజానికి తగిలిందన్నాడే!”

“చేత్తోనేనండి. రెండు చేతులూను.”

ఆమె వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. తలుపు చాటున చోటు ఖాళీ అయిపోయింది. మావయ్య దగ్గాడు; రెండో మాట మిగిలే ఉందని అర్థం. “బంతిని మాత్రం చాలా బాగా పట్టేడండి. ఫుల్‌బ్యాక్‌గా వద్దు, గోల్‌కీపరుగా పెట్టమని వాళ్ళ మాస్టారికి చెప్తాను” అన్నాను. అమ్మాయి నవ్వు దాచుకోడానికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ శనగపిండి మూతికి అంటుకుంది.

నాయనమ్మగారు చింతపండు పళ్ళెం పక్కన పెట్టారు. “అయితే మీరు రేపు రానక్కర్లేదండి” అన్నారు.

మా అమ్మ మొహం నా కళ్ళముందు కదిలింది. నేను విజిల్ తాడు సర్దుకుని, సెలవు తీసుకోబోయాను.

“ఎక్కడికండీ? అమ్మాయి చూసేసింది కదా, రేపు మళ్ళీ చూడ్డవెందుకని” అన్నారు ఆవిడ. “మా అబ్బాయికి నేను చెప్తాను. కూర్చోండి, బజ్జీలేస్తుంది. మ్యాచ్ అయిపోయింది కదండీ, ఇప్పుడు తినొచ్చు కదా?”

మావయ్య అయిదు తిన్నాడు.

పెళ్ళయ్యాక ఎప్పుడైనా నేను గొంతు పెంచితే, “ముందు ఎల్లో చూపించండి” అనేది మా ఆవిడ. బావమరిది ఇప్పుడు గల్ఫ్ నుంచి ఆదివారాలు ఫోన్ చేసి భుజానికే తగిలిందంటాడు. కాదని చెప్పడానికి ఇప్పుడు మా ఆవిడ లేదు, పోయి రెండేళ్ళయింది. ఆ పనీ నేనే చేస్తున్నాను. మావయ్య అంతకుముందే పోయాడు.

మొన్న మా స్కూలు గ్రౌండులో ఒక మ్యాచ్ చూశాను. రిఫరీ కుర్రాడు చురుగ్గా, న్యాయంగా ఆడించాడు. ఒక పిల్లాడికి రెడ్ కార్డు ఇచ్చాడు. ఆట అయ్యాక వివరాలు ఫోన్లో పంపేసి, బైకెక్కి వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. నేనే లేచి ఆ పిల్లాడి ఇల్లెక్కడని అడగబోయి, కార్డు ఇచ్చింది నేను కాదని గుర్తొచ్చి, నవ్వుకుని కూర్చున్నాను. రెడ్ కార్డు ఇచ్చిన సాయంత్రం రిఫరీ ఆ పిల్లాడింటికి వెళ్ళడం ఇప్పుడు లేదు.