జెర్రిగొడ్డంట

"చూసినా" అన్నాను. చూడలేదు.

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఈ ఒక్క మాటే. ఇంతేనా అని మీకనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది, అందుకే దాచడం అంత సులువైంది. పెద్ద అబద్ధమైతే ఎక్కడో ఒకచోట నోరు జారేవాణ్ణి. ఇది మూలన పడేసిన పాత చెప్పులా ఉండిపోయింది, అడ్డం రాదు, కంటికీ ఆనదు. మీరెవరో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు ధైర్యం. ఊళ్లో ఎవరికైనా చెప్పాలంటే నోరు పెగలదు.

మాది కంబదూరు పక్కన ఒక పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఆకాశం చూస్తూ కూర్చోవడం. ఈ చుట్టుపక్కల నేను పాముల మనిషిని. ఎవరింట్లో పాము కనపడినా నాకే ఫోను. ఫొటో తీసి పంపి, ఇది జెర్రిగొడ్డా, నాగుపామా అని అడుగుతారు. మీరు జెర్రిపోతు అంటారే, దాన్నే మేం జెర్రిగొడ్డు అంటాం. మనిషి కంటే పొడవు పెరుగుతుంది. విషం లేదు. పట్టపగలే తిరుగుతుంది. బొరియలోకి దూరి మరీ ఎలుకను పట్టి మింగుతుంది. శెనక్కాయ రైతుకు అంతకు మించి మేలు చేసే జీవి లేదు, అయినా ఆ పొడవూ రంగూ చూసి నాగుపామనుకుని కొట్టి చంపుతారు. ఫొటోలో తల కనపడకపోతే నేను జవాబివ్వను. తోక పంపి చెప్పమంటే తిడతాను కూడా. అన్న ఎంత జాగ్రత్త మనిషో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్న రోజు నాకు అన్నం సయించదు.

అప్పట్లో జంతుశాస్త్రంలో డిగ్రీ చేసి ఊరికి తిరిగొచ్చాను. ఉద్యోగం రాలేదు. సేద్యం రాదు. వచ్చిందల్లా పాముల గురించి నాలుగు ముక్కలు. టీ అంగడి ముందు నిలబడి ఆ నాలుగు ముక్కలే చెబుతూ పెద్దమనిషినయ్యాను. మావాళ్లకు జెర్రిగొడ్డు మీద లేని కథ లేదు. ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందంటారు. తోకతో కొడితే కొట్టినచోట కుళ్లిపోతుందంటారు. అన్నిటికంటే పెద్ద కథ, జెర్రిగొడ్డు మొగుడు, నాగుపాము పెళ్లాం, ఒకటున్న చోట రెండోది ఉండి తీరుతుందని. రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తుంటే పరుగెత్తి కొత్త తువ్వాలు తెచ్చి మీద వేస్తారు. ఆ తువ్వాలు ఇంట్లో దాచుకుంటే కలిసొస్తుందట. అయ్యా, అవి మొగుడూ పెళ్లాం కాదు, రెండూ మగ జెర్రిగొడ్లే, ఆడదాని కోసం బలం చూసుకుంటున్నాయి అని చెప్పి నవ్వేవాణ్ణి. నేను చెప్పింది నిజమే. ఇప్పటికీ నిజమే. నన్ను ఎక్కువ కాల్చేది అదే.

ఆ ఏడు పైరు మీదున్నప్పుడు ముఖం చాటేసిన వాన, పంట పీకాక మబ్బై కమ్ముకొచ్చింది. పీకిన చెట్లు కాయలతో సహా చేన్లో కుప్పలుగా పడున్నాయి. తడిస్తే కాయ నల్లబడుతుంది, మేత బూజు పడుతుంది. అన్నీ ఒకచోటికి చేర్చి వామిగా పేర్చి టార్పాలిన్ పట్ట కప్పేయాలి. పనిలో ముగ్గురమే ఉన్నాం. నేను, ఎప్పటినుంచో మా చేన్లో పనిచేసే ఓబులేసు, అతని భార్య ముత్యాలమ్మ. ముత్యాలమ్మ అవతలి గట్టు దగ్గరుంది. ఓబులేసు కుప్ప కింద చేతులు పెట్టి ఎత్తబోయి, చటుక్కున కుడిచెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పురుగు ముట్టిందన్నా," అన్నాడు. మా వైపు అలాంటప్పుడు పాము పేరెత్తరు.

నేను తిరిగి చూసేసరికి గట్టు రాళ్ల సందులోకి జారిపోతున్న గోధుమరంగు తోక జానెడు కనపడింది. అంతే. ఆ గట్టులో ఒక జెర్రిగొడ్డు కాపురముండేది. ఆ పంటకాలమంతా చూస్తూనే ఉన్నాను, ఆ పొద్దున కూడా చూశాను.

"ఏం కాదులేప్పా, జెర్రిగొడ్డు," అన్నాను.

"చూసినావాన్నా? తలకాయ చూసినావా?"

"చూసినా."

"ఎందుకైనా మంచిది, బండెత్తి కళ్యాణదుర్గం పోయొద్దామా?"

"జెర్రిగొడ్డుకు ఆస్పత్రేందప్పా? చెయ్యి కడుక్కో. వాన వచ్చేట్టుండాది."

అతను నా ముఖం చూశాడు. తర్వాత మబ్బు చూశాడు. చెయ్యి కడుక్కుని మళ్లీ పనిలోకి వంగాడు.

ఎందుకన్నాను ఆ మాట? పంట తడుస్తుందనా? అవును. కానీ అదొక్కటే అయితే నన్ను నేను కొంతైనా సమాధానపరచుకునేవాణ్ణి, ఈ కరువు నేలలో చేతికొచ్చిన కాయ కోసం ఎవరైనా కాస్త గుడ్డివాళ్లవుతారులే అని. అతను "తలకాయ చూసినావా" అని అడిగినప్పుడు నాకు రోషం వచ్చింది. పాముల గురించి నన్నే అడుగుతావా అని. లేదప్పా, తోకే చూసినా అంటే నా పరువేం పోతుంది? ఏమీ పోదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

ఇంతలో ముత్యాలమ్మ వచ్చి ఏమైందని అడిగింది. ఓబులేసు నవ్వుతూ, "ఏం లేదే, జెర్రిగొడ్డంట," అన్నాడు.

ఆమె ముఖం వాడిపోయింది. జెర్రిగొడ్డు ఉన్నకాడ నాగుబాము ఉంటాది, లేయ్ పోదాం అని మొగుడి భుజం పట్టి లాగింది. నేను నవ్వాను. అవును, నవ్వాను. నవ్వి, మొగుడూ పెళ్లాల కథ తప్పని, రెండు మగపాముల పోట్లాటని, అంతా మొదటినుంచి చెప్పాను. చేన్లో మనిషి విషమెక్కుతూ నిలబడి ఉంటే నేను పాఠం చెప్పాను. జెర్రిగొడ్డూ నాగుపామూ ఎలుకల్ని తినేవే కాబట్టి ఒకే గట్టులో రెండూ ఉండొచ్చని కూడా నేను చదువుకున్నదే. అది ఆ పూట గుర్తుకే రాలేదు. ఆమెది తప్పు కథే. ఆ తప్పు కథను నేను నమ్మి ఉంటే ఓబులేసు బతికేవాడు.

కాసేపటికి రెప్పలు బరువుగా ఉన్నాయన్నాడు. అలిసిపోయాడనుకున్నాను. ఇంకొంచెంసేపటికి మాట ముద్దగా వచ్చింది. అప్పుడు బండి తీశాను. మధ్యలో ఓబులేసు, వెనక అతన్ని పట్టుకుని ముత్యాలమ్మ. కళ్యాణదుర్గం చేరకముందే ఆమె ఏడుపు వినపడింది. నేను బండి ఆపలేదు, ఆపి వెనక్కి చూసే ధైర్యం లేక.

వాన కూడా పడలేదు ఆ రోజు.

ఎట్లా జరిగిందని అందరూ అడిగారు. "ఓబులేసే చూసి జెర్రిగొడ్డన్నాడు, నేను నమ్మినా," అన్నాను. ఆ జవాబు నాలుక మీద ముందే కూర్చుని ఉన్నట్టు వచ్చేసింది. చనిపోయినవాడు లేచి కాదనడు కదా. వాని మొండితనమే వాన్ని తీసుకుపోయిందని ఊరంతా అనుకుంది. ఇప్పుడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతున్న వాళ్ల కొడుకు కూడా, మా నాయనకు పాముకూ పాముకూ తేడా తెలీక సచ్చిపోయినాడు అనే చెబుతాడు.

కర్మలన్నీ అయ్యాక ముత్యాలమ్మ ఒకసారి మా ఇంటికొచ్చింది. "అన్నా, ఆయప్ప జెర్రిగొడ్డే అనలేదు. జెర్రిగొడ్డంట అన్నాడు. ఆ అంట యాడిది?" అని అడిగింది.

కళ్లారా చూసినవాడు "అంట" అనడు. ఒకరు చెబితేనే అంటాడు. చదువు లేని మనిషి, అయినా ఆమెకు తట్టింది, మొత్తం నేరం ఆ రెండక్షరాల్లోనే ఉంది. "దుఃఖంలో ఏదో వినుంటావులేమ్మా," అన్నాను. ఆమె వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. మొదటి అబద్ధం తొందర్లో చెప్పాను. ఇది మాత్రం తీరిగ్గా, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను.

ఈమధ్య ఆమె నుంచే ఫోనొచ్చింది. మేకల దొడ్లో పాము దూరిందట. వెళ్లాను. పెద్ద కళ్లు, పెదవి మీద నల్లటి గీతలు. గొంతు ఉబ్బించి బుర్రుమంటోంది. తల బాగా చూశాను, అవసరమైన దానికంటే ఎక్కువసేపే చూశాను.

"జెర్రిగొడ్డే ముత్యాలమ్మా."

"చూసినావా అన్నా?"

"చూసినా."

అదే మాట. అదే నోరు. ఈసారి నిజం. ఆమె కట్టె పక్కన పడేసి, "నువ్వు చెప్తే సరేలే అన్నా," అంది. అప్పుడే చెప్పేయాల్సింది. పామును పట్టి సంచిలో వేసుకుని, కుంటకు అవతల వదిలిపెడతానని చెప్పి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ముఖం నాకు లేదు. రేపు పొద్దున ఆమె గుమ్మం దాకా పోయినా నోట మాట వస్తుందో రాదో నాకే తెలియదు. కానీ ఇక్కడ రాస్తుంటే చెయ్యి ఆగలేదు, అది మాత్రం కొంచెం ఊపిరి తీసుకున్నట్టుంది. కాబట్టి పూర్తిగా రాసేస్తాను.

ఓబులేసు పామును చూడలేదు. నేను తోకే చూశాను. ముత్యాలమ్మ సరిగ్గానే విన్నది. ఆ "అంట" నాది.