గోతిలో చదివిన రేపు

మా కాలువకు తూములు ఎత్తి దించే లస్కరు మీద ఊళ్లో ఒక మాట పడింది, నీళ్లు పై ఊరికి మళ్లించాడని. ఆ మాట పుట్టింది నా ఫోన్లోంచి.

నేను పిడుగురాళ్ల దగ్గర సున్నపురాతి క్వారీలో మేస్త్రీని. గోతి అడుగున సిగ్నల్ ఉండదు. అందుకని పొద్దున ఇంటి దగ్గరే యాప్‌లో వార్తలు ఫోన్లోకి దించుకుని వెళ్లి, అన్నాల వేళ అందరికీ పైకి చదివేవాణ్ణి. ఆ రోజు దించానో లేదో ఇప్పటికీ తెలియదు. దించాననే అనుకున్నాను. తెరిస్తే పైన ‘నేటి వార్తలు’ అని ఉంది. మా కాలువకు రేపు నీళ్లు వదులుతారని ఉంది.

మా పక్కింటి బాబాయి అక్కడే రాళ్లు కొడతాడు. "రేపేనంటరా?" అన్నాడు.

"రేపే బాబాయ్. రాశారుగా."

ఆ సాయంత్రమే ఆయన మిరప నారు తెచ్చి, బిందెలతో నీళ్లు పోస్తూ చేనంతా నాటించాడు. కాలువకు నీళ్లు రాలేదు. నారు వాలిపోయింది.

ఇద్దరం వెళ్లి కాలువ గట్టు మీద లస్కరును నిలదీశాం. జనం పోగయ్యారు.

"తూము ఎవరికి ఎత్తావురా?" అన్నాడు బాబాయి.

"ఎవరికీ ఎత్తలా పెదనాన్నా. మన వంతు అయిపోయిందిగా. రేపని ఎవరు చెప్పారు?"

"వార్తల్లోనే వేశారు. ఒరేయ్, చూపించు."

ఫోన్ తీశాను. గట్టు మీద సిగ్నల్ ఉంది. పేజీ గిర్రున తిరిగి కొత్త వార్తలొచ్చాయి. మా కాలువ వార్త లేదు. ఎంత కిందికి జరిపినా లేదు.

"మొన్న ఉంది. తీసేయించారు" అన్నాను.

"ఏంది, నీకు చానా పలుకుబడే ఉందే!" అని ఎవరో లస్కరును ఎగతాళి చేశారు. ఆ తర్వాత అతను వస్తే టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి.

కొన్నాళ్లకు గోతిలో మళ్లీ అదే వార్త కనిపించింది. రేపు నీళ్లు. ఒక్క క్షణం సంతోషించాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పొద్దున నేనేమీ దించలేదని. సిగ్నల్ లేకపోతే యాప్ ఎప్పుడో దాచిన వార్తలే చూపిస్తోంది. అది పోయిన వంతు వార్త. తారీఖు ఎక్కడా లేదు.

దించిన వార్త మీద అది ఏ రోజుదో వేయమని యాప్ వాళ్లకు రాశాను. వేశారు. వాళ్లకు రాసినంత తేలిగ్గా లస్కరుకు చెప్పలేకపోయాను. చెప్పిననాడు అతను కోప్పడలేదు.

"నా చెవిలో చెబితే ఏం లాభమన్నా? గట్టు మీద అన్నావుగా, గట్టు మీదే చెప్పు."

చెప్పాను. బాబాయి నా ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే తప్పు దీందా, నీదా?"

వార్త విషయంలో తప్పెవరిదో నాకూ సరిగా తెలియదు. "తీసేయించారన్న మాట మాత్రం నాదే బాబాయ్" అన్నాను.

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి, లస్కరు వైపు తిరిగాడు.

"మన వంతు ఎప్పుడు అబ్బాయ్?"

లస్కరు చెప్పాడు. బాబాయి తలూపి చేను వైపు వెళ్లిపోయాడు. నిజమేనా అని నన్ను అడగలేదు.