నా నాడి ఎవరి ఫోనులో

ఆ మూడు పరికరాలనూ నా కొడుకు భోజనాల బల్ల మీద వరుసగా పెట్టి, వాటి పక్కనే ఒక షరతు కూడా పెట్టాడు. ఇకమీదట అవి ఉంటేనే నేను సైకిలు ఎక్కాలి. ఒకటి ఛాతీకి కట్టుకునే పట్టీ. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో చెబుతుంది. రెండవది ముందు చక్రపు ఇరుసుకు తగిలించేది, వేగం చెబుతుంది. మూడవది పెడలు కాడకు కట్టేది. కాళ్లు నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నాయో లెక్కపెడుతుంది. మూడూ తమ లెక్కలను ఫోనులోని ఒక యాప్‌కు అప్పజెబుతాయి. గుండె అంకె నూట ముప్పై దాటిన రోజున సైకిలు ఇల్లు వదలాలి. అదీ షరతు.

నాకు అరవై తొమ్మిదేళ్లు. ప్రభుత్వ గిడ్డంగిలో సరుకుల లెక్క చూసి పదవీ విరమణ చేసినదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న లేడీస్ సైకిలు అరిగిపోతే మరొకటి, అదీ పోతే ఇంకొకటి, ఈ విధంగా మద్రాసు చింతాద్రిపేట సందుల్లో నా జీవితమంతా సైకిలు మీదనే గడిచింది. చీర కుచ్చెళ్లు ఎక్కడ దోపితే గొలుసులో పడవో నాకు తెలిసినంతగా ఈ పేటలో మరెవరికీ తెలియదు. చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ పరిశీలించి, ఏ స్థితిలో వచ్చిందో రాసి ఉంచడం ఉద్యోగం నేర్పిన అలవాటు. తొక్కిన దారులను సైతం అలాగే రాసుకుంటాను. ఇన్నేళ్లు ఇతరుల సరుకుకు లెక్క చూసిన నన్నే ఇప్పుడు సరుకుగా కట్టి లెక్క చూస్తామంటే నాకు ఒళ్లు మండింది.

"ఎందుకురా ఇవన్నీ?" అన్నాను.

"నువ్వు రోడ్డు మీద ఉండేటప్పుడు నేను ఆఫీసులో ఉంటా గదా మా. ఆడ నీకేమన్నా అయితే నాకెట్ల తెలిసేది?"

"ఎవరో ఒకరు ఫోను చేస్తారులే."

"అదే వద్దనేది. ఆ ఫోను వచ్చేదాకా నేను కాచుకోనుండాల్నా?"

వాడి తండ్రి గుండె ఆగి పోయినప్పుడు వాడికి అటువంటి ఫోనే వచ్చింది. కనుక ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు. వంటింట్లోంచి కోడలు, "కట్టుకో అత్తా. లేకుంటే ఈయన స్కూటీ ఏసుకోని నీ ఎనకాలే వస్తాడు, అది ఇంకా అసింగం, చూసేవాళ్లు నవ్వుతారు," అన్నది.

ఒప్పుకున్నాను. అయితే బిగించేది నేనే అన్నాను. నా సైకిలుకు ఏది ఎక్కడ ఉండాలో నాకు తెలియాలి.

ఇరుసుకూ పెడలు కాడకూ తగిలించే రెండూ రబ్బరు పట్టీలతో వచ్చాయి. పెడలు బిళ్లను ఎడమ కాడకు లోపలివైపున కట్టి, తిరిగేటప్పుడు ఫ్రేముకు తగలకుండా వేలెడు సందు ఉంచాను. పెడలు ఒక చుట్టు తిప్పితే పచ్చదీపం మిణుకుమన్నది. యాప్ తెరిస్తే ఆ రెండూ వెంటనే కనిపించాయి. ఛాతీ పట్టీ మాత్రం ఎంత వెదికినా చిక్కలేదు. దాని లోపలివైపు రెండు నల్లటి మెత్తలు ఉంటాయి. అవి తడిగా ఉండి చర్మానికి అంటుకుంటేనే గుండె సంకేతం అందుతుంది. రెండుసార్లు తడిపాను. ఫలితం లేదు. చివరికి భూతద్దం పెట్టుకొని కరపత్రం చదివితే, ఈ రకం పట్టీ ఒకసారికి ఒక్క ఫోనుతోనే మాట్లాడుతుందని ఉంది.

"ఒరే, దీన్ని నీ ఫోనుకు గానీ కలిపినావా?"

"చుమ్మా, ఊరికే చూసినాను మా, పని చేస్తుందా లేదా అని."

వాడి ఫోనులోంచి తీయించాక గానీ అది నా ఫోనుకు చిక్కలేదు. చిక్కి మాత్రం ఏమి లాభం? నా ఫోనుకు చేరిన ప్రతి అంకె అక్కడినుంచి వాడి ఫోనుకు పోయేటట్టు ముందే ఏర్పాటు జరిగిపోయింది. నేను ఈగా థియేటరు మలుపు తిరుగుతుండగా నా నాడి ఎంత ఉన్నదో, ఎక్కడో ఒక మీటింగులో కూర్చున్న నా కొడుకు బల్ల కింద చూసుకోవచ్చు.

మొదటి తగాదా వేగంతో వచ్చింది. నేను తిరిగివచ్చేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంది మా, రేసుకా పోయింది నువ్వు?"

నేను ఎప్పుడూ తొక్కే తీరులోనే తొక్కాను. యాప్ లోపలికి వెళ్లి చూస్తే చక్రపు కొలత పెద్దదిగా ఉంది. పందేల సైకిళ్లకు వాడే కొలత, కంపెనీవాళ్లు పెట్టింది పెట్టినట్టే మావాడు వదిలేశాడు. నాది చిన్న చక్రాల సైకిలు. ఒక్కొక్క చుట్టుకూ నేను పోని దూరం నా లెక్కలో పడుతున్నది. టైరు మీదా, కింద నేల మీదా సుద్దముక్కతో గీత పెట్టి, బరువు పడితే టైరు అణుగుతుంది కాబట్టి నేను సీటు మీద కూర్చొని, కోడలి చేత సైకిలును పట్టించి, చక్రం సరిగ్గా ఒక చుట్టు పోనిచ్చాను. రెండు సుద్ద గీతల మధ్య దూరాన్ని కుట్టుపని టేపుతో కొలిచి ఆ అంకెను యాప్‌లో ఎక్కించాను. మరునాడు వేగం తగ్గింది.

"ఇప్పుడు నువ్వే తగ్గించేసుకుంటివి," అన్నాడు కొడుకు.

"తగ్గించింది నేను కాదురా, టేపు."

ఆ తరువాత శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లకు శుక్రవారం తలంటు తప్పదు. నువ్వుల నూనె మాడుకు పెట్టి, ఒళ్లంతా పట్టించి, నానాక సున్నిపిండితో రుద్దుకుంటాము. నూనె మొత్తం వదిలేటట్టు రుద్దకూడదని మా అమ్మ చెప్పేది. కొంచెం ఒంట్లో మిగిలితేనే మద్రాసు ఎండకు చలువ. ఆ ప్రకారమే స్నానం ముగించి, తడి జుట్టు ముడి వేసుకొని, పట్టీ కట్టుకొని పురసవాక్కం వైపు బయలుదేరాను.

బుట్టలో ఫోను మోగింది. తొక్కుతూ ఫోను ఎత్తడం నా నియమాలలో లేదు. ఆగి మళ్లీ మోగింది. ఇంకా తలుపులు తీయని ఒక బట్టల దుకాణం ముందు ఆపి ఎత్తాను.

"దిగు మా! దిగి ఆడనే కూర్చో! రెండు వందల నాలుగు చూపిస్తా ఉంది! ఇప్పుడు సున్నా!"

"సున్నా అయితే నీతో మాట్లాడేది ఎవర్రా?"

"చెప్పేది విను! కదలొద్దు, వస్తా ఉండాను!"

దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. పక్కన పూలు కట్టే ఆమె నన్ను చూసి కంగారుపడి, "పాటీ, తణ్ణి కుడీంగ," అని అరవంలో తాగమంటూ నీళ్ల సీసా చేతిలో పెట్టింది. మణికట్టు పట్టి చూసుకున్నాను. నాడి నెమ్మదిగా, సమంగా, ఎప్పటిలాగే ఉన్నది. స్కూటీ మీద వచ్చిన కొడుకుకు అదే చెప్పాను.

"మిషను అబద్ధం చెప్తుందా?" అన్నాడు.

"నేను చెప్తానా?"

వాడు అక్కడినుంచి నన్ను సరాసరి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ తీగలు పెట్టి, కాగితం చూసి, గుండె బాగానే ఉందన్నది. సైకిలు తొక్కడం ఈ వయసుకు మంచిదేనని, ఆయాసం వచ్చేదాకా మాత్రం తొక్కవద్దని చెప్పింది. నా కొడుకు చెవికి రెండో సగమే ఎక్కింది. సాయంత్రానికి వరండాలోని సైకిలు ముందు చక్రంలోనుంచి గొలుసు దూర్చి, కిటికీ ఊచలకు కలిపి తాళం వేశాడు. తాళంచెవి వాడి చొక్కా జేబులోకి పోయింది.

ముప్పై ఏళ్లకు పైగా ఒక గిడ్డంగి తాళాలన్నీ నా నడుమున వేలాడాయి. అటువంటి నన్ను నా వరండాలోనే తాళానికి ఇవతల నిలబెట్టారు. నా ఒళ్లు, నా కాళ్లు, నా సైకిలు, నా ఉదయం. వీటిలో వాడిది ఏదీ లేదు. వాడిదల్లా భయం ఒక్కటే. ఆ భయాన్ని నేను కాదనను. కానీ వాడి భయానికి మందు నేను మింగాలంటే ఒప్పుకోను. ముసలితనం వచ్చిన మనిషి చెప్పే మాటకన్నా ప్లాస్టిక్ బిళ్ల చెప్పే మాట చెల్లుబాటు అయ్యే ఇంట్లో ఊరుకుంటే, రేపు నేను తిన్నది అరిగిందా లేదా అని కూడా వేరెవరినో అడుగుతారు.

అయితే, కోపం వేరు, విచారణ వేరు. పట్టీని ఉతుకుదామని కుళాయి కింద పెట్టాను. నీళ్లు మెత్తల మీద నిలవలేదు. చామాకు మీద జారినట్టు గుండ్రని చుక్కలై జారిపోయాయి. వాసన చూశాను. నువ్వుల నూనె.

సబ్బుతో రెండుసార్లు ఉతికి, నీడన ఆరవేసి, మళ్లీ శుక్రవారం దాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ శుక్రవారం ఎప్పటిలాగే తలంటుకొని, శుభ్రమైన పట్టీని కట్టుకొని, వరండాలోకి వచ్చి కొడుకును పిలిచాను.

"ఫోను తీసుకోని ఇట్ల రా."

"ఆఫీసుకు టైమ్ అయింది మా."

"నాకు అరవై తొమ్మిది అయినాయి. రా."

స్టాండు మీద నిలబెట్టిన సైకిలుకు వెనక చక్రం నేలకు అందదు. ముందు చక్రానికి వాడి గొలుసు ఉండనే ఉంది. కుచ్చెళ్లు దోపుకొని ఎక్కి కూర్చున్నాను.

"ఏయ్ మా! దిగు!"

"యాడికి పోతానురా, గొలుసు ఏసింది నువ్వే గదా? అంకెలు చదువు."

పెడళ్లు మెల్లగా తిప్పాను. వెనక చక్రం గాలిలో ఊరికే తిరుగుతున్నది. తిరగలి తిప్పినంత శ్రమ కూడా లేదు. వాడు చదివాడు: వేగం సున్నా. పెడళ్లు యాభై చిల్లర. గుండె తొంభై, నూట ముప్పై, నూట ఎనభై ఏడు. ఆ తరువాత అంకె మాయమైంది. మళ్లీ వచ్చి రెండు వందలు దాటింది.

"చెయ్యి పట్టుకో," అన్నాను, తొక్కడం ఆపకుండా. "గోడ గడియారం చూసి లెక్కపెట్టు."

వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ మొదలుపెట్టాడు. రెండుసార్లూ తొంభైకి అటూ ఇటుగానే వచ్చింది.

కోడలు దగ్గరికి వచ్చి నా భుజం మీద వేలు రాసి చూసింది. "ఇంత నూనె ఉంటే నా పెనానికి దోసె కూడా అంటుకోదు అత్తా, ఈ పట్టీ ఎట్ల అంటుకుంటుంది?"

నేను దిగి, లోపలికి పోయి, ఛాతీ చుట్టూ సబ్బుతో కడుక్కొని, మెత్తలు తడిపి మళ్లీ కట్టుకొని వచ్చి తొక్కాను. అంకె తొంభై దగ్గర కుదురుగా నిలబడింది.

కొడుకు వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆఫీసు సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"సరి మా. ఆ పొద్దు అది తప్పే. ఒకనాడు నిజంగానే వస్తే?"

"నిజంగా వస్తే దిగతాను. దిగేది నేను. నువ్వు దించేది కాదు."

"నాన్నకు అంత టైమ్ దొరకలేదు గదా."

"మీ నాన్న కుర్చీలో కూర్చోని టీవీ చూస్తా పోయినాడు. ఆ కుర్చీకి గొలుసు ఏస్తివా?"

వాడు నావైపు చూడలేదు. ఫోను తెర మీద నా అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. దానినే చూస్తూ కూర్చున్నాడు. నేను సైకిలు దిగి వాడి పక్కన కూర్చున్నాను. నా గొంతు తగ్గింది గానీ మాట తగ్గించలేదు. పట్టీ కట్టుకుంటాను, ఆ అంకె నాకూ కావాలి, పరికరంతో నాకు వైరం లేదు. కానీ అది నా ఫోనులోనే ఉంటుంది.

"పోయేముందు చెప్తాను. వచ్చినాక చెప్తాను. మధ్యలో నేను నీ ఫోనులో ఉండను. తీసెయ్."

"ఫోను చేస్తే అయినా ఎత్తుతావా?"

"ఆపి ఎత్తుతాను."

వాడు నా ఫోను తీసుకొని, తాను చేసిన ఏర్పాటును తానే తొలగించాడు. తరువాత లేచి గొలుసు విప్పాడు. నూట ముప్పై మాట మాత్రం ఎత్తలేదు. ఆ షరతు పోయిందో, ఉన్నదో ఇద్దరిలో ఎవరమూ తేల్చలేదు.

తరువాతి వారం మధ్యలో, తలంటు లేని రోజున, రాయపురం దాకా పోయాను. రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా ఫోను కీచుమన్నది. నూట ముప్పై ఆరు. పట్టీ శుభ్రంగా ఉంది, మెత్తలు తడిగా ఉన్నాయి, ఊపిరి కూడా కొంచెం బరువుగానే ఉంది. అది అసలైన అంకె. దిగాను. లారీలకు దారి వదిలి, పిట్టగోడకు సైకిలు ఆనించి నిలబడ్డాను. రేవు వైపునుంచి చేపల వాసన, ఐసు గడ్డల బండ్ల చప్పుడు. అంకె ఒక్కొక్కటిగా దిగివచ్చింది. ఎవరూ ఫోను చేయలేదు. వంతెన కొస దాకా నడిపించుకొని పోయి, అక్కడ ఎక్కి అవతలికి దిగాను.

రాత్రి భోజనాల దగ్గర కొడుకు పప్పు కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఈ పొద్దు ఎంత దాకా పోయింది మా?"

"రాయపురం దాకా."

"నేనడిగింది దారి కాదు."

"నూట ముప్పై ఆరు."

కోడలి చేతిలో గరిటె ఆగింది. వాడు ముద్ద నోటిదాకా తీసుకుపోయి మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

"దిగితివా?"

"దిగినాను."

నా ముఖంలోకి చూశాడు. తరువాత ముద్ద తిన్నాడు.

"రేపు?"

"రేపూ అటే," అన్నాను.