అమ్మ గుర్తుపట్టే నటి

పాత అమెరికన్ సినిమాల్లో హీరోయిన్లను మా అమ్మ అసలు పట్టించుకునేది కాదు. ఆమె ఎదురుచూసేది ఒక సహాయ నటి కోసం. ఆవిడ ఒకదాంట్లో నర్సు, ఇంకోదాంట్లో వంటమనిషి, మరోదాంట్లో నోరు పెద్దదైన ఇంటి ఓనరు. అన్నేళ్లు నటించినా పోస్టరు మీద ముఖం పడలేదు. విగ్గు పెట్టినా, గొంతు మార్చినా, తలుపు తెరిచే తీరు చూసి అమ్మ పట్టేసేది. “అదిగో, వచ్చేసింది!” అని నా తొడ మీద చరిచేది.

ఇప్పుడు అమ్మకు మతిమరుపు జబ్బు. ఆమెను చూసుకోవడానికి నేను సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం మానేశాను. సెరంగూన్‌లోని మా ఫ్లాట్‌లో మధ్యాహ్నాలు ఆ సినిమాలే పెడతాను. ఆ నటిని ఇప్పటికీ క్షణంలో పట్టేస్తుంది. నన్ను మాత్రం పొద్దున నర్సంటుంది, మధ్యాహ్నం వంటమనిషంటుంది. నేనేం విగ్గు పెట్టుకున్నానని? ఓపిక పట్టమంటాడు డాక్టరు. అదెక్కడ దొరుకుతుందో చెప్పడు.

నిన్న సినిమా పెట్టి సోఫాలో ఆమె పక్కన కూర్చోబోతే అక్కడ టిష్యూ ప్యాకెట్ కనిపించింది. హాకర్ సెంటర్లో, తిండి కొట్ల దగ్గర, సీటు ఆపుకోవడానికి ఇక్కడ అందరం పెట్టేదే; దాన్నే ‘చోప్’ చేయడం అంటాం. తీయబోయాను.

“అక్కడ కూర్చోకమ్మా, చోప్ చేశాను. మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తుంది” అంది.

కింద కూర్చున్నాను. కాసేపటికి వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

“అదిగో, వచ్చేసింది!”

గబుక్కున తిరిగి చూశాను. అమ్మ టీవీ వైపు చూస్తోంది.