పెళ్ళికార్డు ముక్కంత సందు

అప్పటికే తిఫ్రా వర్క్‌షాపులో మెకానిక్ నా కొత్త కారు స్టీరింగు కింద లాప్‌టాప్ వైరు గుచ్చేశాడు. నాన్న మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి బోనెట్ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు.

"రహనే దీజియే అంకుల్, సెన్సార్ సబ్ బతా దేగా."

వదిలేయాలట, అన్నీ సెన్సారే చెబుతుందట. నాన్న మెల్లగా చేతులు దించుకున్నాడు. అక్కడ పెట్రోలు వాసన కూడా లేదు.

నా చిన్నతనమంతా ఆ వాసనే. నాన్న రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చి, తార్‌బహార్‌లోని మా క్వార్టర్ ముందు చలికాలపు పొద్దుల్లో, పక్కింటి బొగ్గుల కుంపటి పొగా మా ఇంటి ఇంగువ పోపూ కలిసిన గాలిలో, మా పాత కారు కార్బురేటర్ జెట్టు ఊడదీసి, నోటితో ఊది, పెట్రోలు తగిలిన నాలుకతో తుపుక్కున ఉమ్మి, నన్ను పిలిచేవాడు. ఇంజను ఫ్యాను చేత్తో తిప్పడం నా డ్యూటీ. తిప్పుతుంటే లోపల రెండు బుల్లి పాయింట్లు విడిపోయేవి. అవి విడిపోతేనే నిప్పురవ్వ పుట్టేది. వాటి మధ్య సందు కాస్త అటూ ఇటూ అయిందా, బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. ఆ సందు కొలవడానికి నాన్న జేబులో ఒక అట్టముక్క ఉండేది. అమ్మతో తన పెళ్ళికార్డులోంచి కత్తిరించుకున్నది!

"ఏటండీ, ఆకరికి మన పెళ్ళి దీనికి పనికొచ్చిందా?" వంటింట్లోంచి అమ్మ.

"ఇంకే కార్డూ ఇంత సరిగ్గా సరిపోలేదే!" తలెత్తకుండా నాన్న.

ఆ రోజు తిఫ్రా వర్క్‌షాపు నుంచి వస్తూ నాన్న అన్నాడు: "ఇంటిముందు ఆ పాత బండి ఇంకెందుకు, తుక్కు కింద కబాడీవోడికి ఇచ్చీమ్మా. నా చేతులు వణికిపోతన్నాయి. పాయింట్లు ఇంకెవులు సూస్తారు?"

ఆ సాయంత్రమే షాపులన్నీ తిరిగొచ్చాను.

నిజమే, తార్‌బహార్‌లో ఆ పని తెలిసిన షాపు ఇప్పుడు ఒక్కటీ లేదు. నాన్న పాత చొక్కా జేబులో అట్టముక్క దొరికింది కానీ, నూనెకి నాని తమలపాకులా పల్చబడిపోయింది. అమ్మకి చూపించాను. ఆవిడ పెట్టె తెరిచి, మిగిలిన ఒకే ఒక్క పెళ్ళికార్డు, కత్తెర నా చేతిలో పెట్టింది.

"పేర్లకాడ కొయ్యకే."

మర్నాడు పొద్దున్నే నాన్నని లాక్కొచ్చి పాత బండి ఫ్యాను దగ్గర నిలబెట్టాను.

"తిప్పు నాన్నా, నెమ్మదిగా."

వణికే చేతులతోనే తిప్పాడు. పాయింట్లు విడిపోయాయి. కొత్త ముక్క మధ్యలో దూర్చి, అది బిగుతుగా నిలిచాక, స్క్రూ బిగించాను.