అంటు కింది ఆకు

తోట గేటు దాటగానే ఆకులక్క ప్రతి ఉదయం ముందుగా పాత బేరి చెట్టు దగ్గరికే వెళ్ళేది. భుజాన సంచీ దించకుండానే, తీగ అల్లుకున్న బోదె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. "దేవుడా, నువ్వు పెంచిన పచ్చదనాన్ని నువ్వే కాచుకో" అనుకున్నాకే ప్రయోగశాల తాళం తీసేది.

పండ్ల చెట్ల మీద పరిశోధన జరిగే ఆ తోటలో ఆకులు కోయడం, మంచుగడ్డల మధ్య పెట్టి లోపలికి తేవడం, మెత్తగా నూరి, పరీక్షలు చేసే మేడంకి అందించడం ఆమె పని. ఆకులక్క అన్న పేరు అలా వచ్చిందే.

ఆకులోని పచ్చటి రేణువుల్లో చెట్టు పుట్టుపూర్వోత్తరాలు దాగి ఉంటాయని చెప్పింది మేడమే.

"పుప్పొడి ఎక్కణ్ణుంచి ఎగిరొచ్చినా, ఈ రేణువులు మాత్రం తల్లి చెట్టు నుంచే వస్తాయి. దానికి దాని తల్లి నుంచి. అలా వెనక్కి పోతే, మనుషులు ఈ పండుని ఏ అడవిలోంచి ఇంటికి తెచ్చుకున్నారో తెలుస్తుంది."

"అంటే పుట్టింటి ఆచూకీ అన్నమాట," అంది ఆకులక్క.

మేడంకి ఆ మాట ఎంత నచ్చిందంటే, తోట చూడవచ్చిన వాళ్ళకి "ఇది మా ఆకులక్క మాట" అని చెప్పి మరీ వినిపించేది.

పాత బేరి పుట్టిల్లు మాత్రం ఎవరికీ తెలియదు. కోసినప్పుడు కాయ రాయి. గడ్డిలో మాగేస్తే తేనె. అలాంటిది ఇంకెక్కడా కనబడలేదు. దాని కొమ్మ తెచ్చి ఎన్నిసార్లు అంటు కట్టినా బతకలేదు. ఇప్పుడక్కడ కొత్త గది కట్టాలన్నారు. మామూలు బేరి కాదు, వేరే తల్లి సంతతి అని ఆకు పరీక్షలో తేలితే గదిని పక్కకి జరుపుతామని తోట పెద్దసారు మాటిచ్చారు. తీరా చూస్తే, అంటు మొక్కలకి అడుగు వేరుగా వాడే మామూలు అడవి బేరి అని తేలింది.

ఆ కబురు విన్నప్పటినుంచీ ఆకులక్కకి కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గాజు గొట్టాలే మళ్ళీ కడిగేది. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలకే లేచిపోయేది.

"ఏమైనా నీ మేనత్తా ఆ చెట్టు?" అనేవాడు భర్త, ఆమె మోకాలికి నూనె మర్దనా చేస్తూ.

"మేనత్తైతే ఇంత బాధ ఉండేది కాదు," అనేది. ఆ పండు రుచి తెలిసిన నాలుక ఆ పరీక్ష మాటని ఒప్పుకోవడం లేదు, అంతే.

చెట్టు కొట్టే రోజు రానే వచ్చింది. కొట్టడానికి వచ్చినవాడు స్వయానా ఆమె మరిది. రంపానికి అడ్డం రాకుండా బోదె మీది తీగంతా అప్పటికే లాగి పడేశాడు. ఆకులక్క అలవాటు చొప్పున చెయ్యి ఆనించింది. తీగ ఉండాల్సిన చోట, చెట్టు చుట్టూ ఉబ్బెత్తుగా ఒక కట్టు తగిలింది. ఎప్పుడో, ఎవరో, అంటు కట్టిన చోటు.

 పరీక్షకి ఆకు కోసిన రోజు వాన. మోకాలు సలుపు. నిచ్చెన తేవడానికి బద్ధకించి, చేతికందిన కొమ్మనే తుంచింది. ఆ కొమ్మ పుట్టింది ఈ కట్టుకి కిందనే. తాను పరీక్షకి పంపింది వేరు మొక్క ఆకు. కట్టుకి పైన పండిచ్చే చెట్టుని అసలు ఎవరూ అడగనే లేదు.

"మరిదీ, నేనొచ్చేదాకా రంపం ముట్టుకోకు."

"ఈలోపు నేనేం చెయ్యాలి వదినా, దీనికి జోల పాడనా?"

కుంటుకుంటూనే మేడం గదికి పరుగెత్తింది. "తప్పు నాది మేడం. అంటు కింది ఆకు ఇచ్చాను."

 "నేనూ ఒక్కసారి చెట్టు దగ్గరికొచ్చి చూడలేదుగా," అంది మేడం. పెద్దసారుకి ఫోన్ చేసి, తప్పులో సగం తన మీదే వేసుకుని చెప్పింది. "మళ్ళీ పరీక్ష చేసేదాకా ఆపమన్నారు. లేతాకులు పట్రా. ముదురాకులు పరీక్షకి లొంగక మొండికేస్తాయి."

ఆకులక్క తిరిగి వచ్చి తలెత్తి చూసింది. లేతాకులన్నీ చిటారు కొమ్మన, గాలికి రెపరెపలాడుతున్నాయి. మరిది రంపం ఒళ్ళో పెట్టుకుని చెట్టు నీడలోనే కూర్చున్నాడు.

"అయితే ఇవాళ్టికి నా పని పోయినట్టే," అన్నాడు, ఆమె మొహం చూసి.

"పోయిందయ్యా. పైగా ఇంకో సాయం కావాలి. నా మోకాలి సంగతి నీకు తెలుసు. ఆ రంపం ఇక్కడ పెట్టి, నువ్వే పైకెక్కి గుప్పెడు లేతాకులు కోసిపెట్టు. కొమ్మ విరగనియ్యకు."