దక్షిణం తాడు

రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో నమూనాలు పరీక్షించడం నా ఉద్యోగం కాబట్టి, కరిగిన ఐసు వాసన, మందుల వాసన నా ముక్కుకు చాలాకాలం కిందటే పట్టడం మానేశాయి. కాని మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరైనా డబ్బా మూత తీసి, అందులోంచి ఎండునెత్తళ్ళ వేపుడు వాసన వస్తే మాత్రం, ఆ పూట నేను తినేది నా డబ్బాలోని కూర కాదు. మొన్న ఆ వాసనతో పాటు ఒక వాదన కూడా వచ్చింది. బ్రిటన్ ఐరోపా సమాఖ్యలోంచి బయటపడినప్పటి నుంచీ ఒకే చెరువులో పట్టిన రొయ్యకు బ్రిటన్‌కు పంపితే ఒక రకం పత్రం, ఐరోపాకు పంపితే ఇంకో రకం పత్రం రాయవలసి వస్తోందని ఒకాయన విసుక్కున్నాడు. “నీకు రాయడానికి బద్దకమని దేశం దేశమంతా ఆగిపోవాలేటి?” అన్నాడు ఎదురుగా కూర్చున్న కుర్రవాడు. “పోతామన్నోలకి ఎక్కడికి పోతన్నారో తెలుసేటి?” అని ఆయన అడిగితే, కుర్రవాడు అన్నం కలుపుతూనే తేల్చేశాడు: “అది జనం తేల్చిన సంగతి. జనం తేల్చాక ఇంకేటున్నాది?”

ఆ దేశం లెక్క నాకు తెలియదు. అక్కడివాళ్ళే ఇప్పటికీ ఒకరితో ఒకరు తెగని వాదన సాగిస్తున్నారని చదువుతున్నాను; వాళ్ళలో ఎవరు ఒప్పో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నాకు కోపం తెప్పించింది ఆ చివరి వాక్యం. చిన్నప్పుడు మా రేవులో ఆ వాక్యం విన్నాను, దాని కింద మా అమ్మ బతుకు నలిగిపోవడం చూశాను. కోపంతో రాసేటప్పుడు చూసినదీ విన్నదీ కలిసిపోతాయి కనుక ముందే విడదీస్తాను. మా ఊరు అయిదూళ్ళ కట్టులోంచి బయటికి వచ్చిందన్నది నిశ్చయం. ఆ రోజు మా నాన్న ఎక్కడ నిలబడ్డాడో, ఆ రాత్రి అమ్మతో ఏమన్నాడో నిశ్చయం, ఎందుకంటే రెండూ నా కళ్ళముందే జరిగాయి. ఎంతమంది ఎటువైపు నిలబడ్డారన్నది వినికిడి. అడిగిన ప్రతివాడూ వేరే అంకె చెప్పాడు. మా చేప ఎవరు తిన్నారన్నది వినికిడికి కూడా తక్కువే.

నరసన్నపేటకు తూర్పున, సముద్రం ఒడ్డున వరసగా ఉన్న అయిదు మత్స్యకార గ్రామాలు ఎప్పుడో చేసుకున్న ఒడంబడికే అయిదూళ్ళ కట్టు. నరసన్నపేట నుంచి వచ్చే వ్యాపారి ఏ రేవులో ఏ ధర పలికినా అయిదు రేవుల్లోనూ అదే ధర. అంతకు తక్కువకు అమ్ముకున్నవాడికి జరిమానా. ఎవరి తీరానికి చేపల గుంపు వచ్చినా మిగతా ఊళ్ళవాళ్ళు వచ్చి చెయ్యి వేసి వాటా పట్టుకుపోవచ్చు. తగవు వస్తే గంగమ్మ గుడి అరుగు మీద అయిదూళ్ళ పెద్దలూ కూర్చుని చెప్పిందే తీర్పు. మా ఊరి చుట్టూ ఏటి పాయ తిరిగి ఉండటంతో నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. మా ఆడవాళ్ళు చేప ఎండబెట్టుకోవడానికి ఆ అయిదింటిలోనే మాకు ఉత్తరాన ఉన్న దిబ్బపేట ఇసుక కావాలి. తుపానుగాలి లేస్తే దిబ్బపేట పడవలు తలదాచుకోవడానికి మా పాయ కావాలి. ఒకరి నేలా ఒకరి నీరూ కలిస్తేనే రెండూళ్ళకూ పొయ్యి వెలిగేది.

మా పెద్దమ్మను ఇచ్చింది దిబ్బపేటకే. అందువల్ల నా ఎండాకాలాలన్నీ ఆ దిబ్బ మీదే గడిచాయి. తెల్లవారకుండానే అమ్మ నెత్తళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిస్తే, నేను తాటాకు పట్టుకుని, ఎర్రపీతలను కన్నాల్లోకి తరుముతూ వెనక నడిచేదాన్ని. సూర్యుడు పైకి వచ్చేసరికి దిబ్బంతా వెండిరేకు పరిచినట్టు నెత్తళ్ళు, వాటి పక్కన కడుపు చీల్చి ఉప్పు రాసిన కవ్వళ్ళు. కాకులను తోలడం పిల్లల పని, చేపను తిరగవెయ్యడం ఆడవాళ్ళ పని, వాసన గాలిది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు పెద్దమ్మ చోడి అంబలి కుండ, ఉల్లిపాయలు, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప తెచ్చేది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే గిన్నెలో తాగుతూ, మధ్యలో ఒకరి మొగుణ్ణి ఒకరు ఎత్తిపొడుచుకుంటూ నవ్వేవారు. గంగమ్మ పండగకు పెద్దమ్మ పొంగడాలు వండి మొదటి వాయి నాకు పెట్టేది. సంతలో కూడా ఇద్దరివీ పక్కపక్క గంపలే, ఒకటే తక్కెడ.

ఆ కట్టును స్వర్గమని చెప్పను. దిబ్బపేట పెద్దలకు పొగరుండేది. ఒక తగవులో మా నూకరాజు మావను అరుగు మీద కూర్చోనివ్వకుండా కిందనే నిలబెట్టి మాట్లాడారు. అమ్మకు తమ్ముడైన ఆ మావ మంచి మాటకారి. మాట్లాడుతుంటే చేపలు కూడా ఒడ్డుకు వచ్చి వింటాయని అమ్మే మురిసిపోయేది. అలాంటి మనిషికి అవమానం జరిగింది, అది తోసిపుచ్చలేని నిజం. అయితే మావ రేవులోకి తెచ్చింది తన అవమానాన్ని కాదు. “మన రేవులో పడ్డ సేపలో సగం దిబ్బోలు తినేత్తన్నారు” అన్న మాటను తెచ్చాడు.

ఆ మాట టీ కొట్టులో పుట్టిందో, నరసన్నపేట వ్యాపారి నోట్లో పుట్టిందో నాకు తెలియదు. అది రుజువు చెయ్యడానికీ కొట్టివెయ్యడానికీ కూడా వీల్లేని మాట అని మాత్రం తెలుసు. మా తీరంలో వాటాలు తూచేవారు కాదు. పడ్డ చేపను ఇసుక మీద కుప్పలుగా పోసి, ఒక మనిషిని సముద్రం వైపు తిప్పి నిలబెట్టి, వెనకనున్న కుప్పను చూపిస్తూ “ఇది ఎవులది?” అని అడిగేవారు, అతను చూడకుండా పేరు చెప్పేవాడు, ఆ కుప్ప ఆ పేరుకే. న్యాయమైన పద్ధతే, కాని అందులో తూకం లేదు. తూకమే లేని చోట సగం ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అందరూ సగం, సగం అని రోజూ అనుకున్నారు. రోజూ అనుకున్నందువల్ల అది లెక్క అయి కూర్చుంది.

ఇక తాళ్ళ సంగతి చెప్పాలి. పెద్దవలను పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో వంపుగా దింపి, రెండు చివరల తాళ్ళనూ ఒడ్డుకు చేరుస్తారు. ఒకటి ఉత్తరం తాడు, ఒకటి దక్షిణం తాడు. ఏ ఇంటివాళ్ళు ఏ తాడు లాగాలో తాతల నాడే నిర్ణయమైపోయింది. దక్షిణం తాడు ఇంట్లో పుట్టినవాడు ఉత్తరం తాడు ముట్టుకోవడం పరాయివాడి కంచంలో చెయ్యి పెట్టడంతో సమానం. వల వేసే కాలంలో మా తీరాన నీరు దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంది, బరువంతా దక్షిణం తాడు మీద పడుతుంది. అందుకే ఆ తాడుకు ఎక్కువ ఇళ్ళు. ఊళ్ళో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలిసిన విషయం ఇది.

కట్టులో ఉండాలా పోవాలా అని రెండు నెలలుగా తన్నుకుంటున్న ఊరు ఒక ఉదయం రేవులోనే తేల్చుకుందామనుకుంది. వల లాగడం అప్పుడే అయింది. పడింది తక్కువ, అందరికీ చిరాకుగా ఉంది; తడి తాళ్ళు రెండూ ఇసుక మీద చాపి ఉన్నాయి. మావ గంప బోర్లించి దాని మీద ఎక్కాడు.

“దిబ్బ ఉత్తరాన ఉన్నాది. ఆలతోనే ఉంటామన్నోలు ఉత్తరం తాడు కాడికెల్లండి. మన బతుకు మనం బతుకుదామన్నోలు దచ్చినం తాడు కాడ నిలబడండి. సూసుకుందాం.”

“మరి ఆడోలో?” అంది అమ్మ.

“ఆడోలు తాడు లాగుతారేటే అప్పా?” అన్నాడు మావ. అందరూ నవ్వారు. ఆ చేపను ఎండబెట్టేదీ, మోసేదీ, సంతలో అమ్మి డబ్బు తెచ్చేదీ ఆడవాళ్ళే అన్న సంగతి ఆ నవ్వులో కలిసిపోయింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని అమ్మ రెండు తాళ్ళ మధ్య నిలబడి ఉండగా మగవాళ్ళు అటూ ఇటూ కదిలారు. దక్షిణం తాడు దగ్గర గుంపు పెద్దదని చూపుకే తెలిసింది. అందులో మా నాన్న ఉన్నాడు. ఉత్తరం తాడువైపు మిగిలినవాళ్ళు గొణిగితే మావ చేతులు దులుపుకుని అన్నాడు: “జనం తేల్చీసారు. ఇంకేటున్నాది?”

ఆ రాత్రి అమ్మ పొయ్యి వెలిగించలేదు.

“పొద్దున్న లేచి ఏటన్నావు? దిబ్బ లేకపోతే మనకు కూడు లేదన్నావు కదా.”

“అన్నాను,” అన్నాడు నాన్న.

“మరి దచ్చినం తాడు కాడ ఎందుకు నిలబడ్డావు?”

“అది మా తాత తాడే. ఉత్తరం తాడు కాడికి నేనెలాగెల్తాను? రేపు మొగం ఎలాగెత్తుకుంటాను?”

“నిన్ను తాడు లాగమన్నారేటి? మాట సెప్పమన్నారు.”

పొద్దున్న అక్కడికి నడిచింది నాన్న కాళ్ళేనని, ఆయన అభిప్రాయం ఇంట్లోనే ఉండిపోయిందని అప్పుడే ఆయనకూ తెలిసినట్టుంది. అలా నిలబడినవాళ్ళు ఇంకెందరో నేను చెప్పలేను. పెద్దయ్యాక అడిగితే కొందరు ముసలివాళ్ళు తాము కూడా అంతేనన్నారు, కాని నష్టం చూశాక చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోను. ఒక్క నాన్న విషయం చాలు. మా పరీక్షల గదిలో ఒక్క రీడింగ్ తప్పు పద్ధతిలో వచ్చిందని తేలితే మేం ఆ పట్టిక మొత్తాన్ని పక్కన పెడతాం. మా ఊరు మాత్రం అలాంటి పట్టిక మీదే ముప్పై ఏళ్ళుగా బతుకుతోంది.

ఆ వారంలోనే అమ్మ ఎప్పటిలా గంపెత్తుకుని దిబ్బకు వెళ్ళింది, వెనక తాటాకుతో నేను. దిబ్బ మొదట్లోనే వాళ్ళ ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దమ్మ ఉంది.

“నా సేతిలో ఏటున్నాదే సెల్లీ? పోతామన్నది మీరే కదా.”

“నేను ఏ తాడు కాడ నిలబడ్డానే అప్పా?”

పెద్దమ్మ తల దించుకుంది గాని పక్కకు జరగలేదు. జరిగి ఉంటే ఆమెను ఆమె ఊరు బతకనిచ్చేది కాదు. ఆ సంగతి ఇప్పుడు అర్థమవుతుంది, అప్పుడు కాలేదు. అమ్మ గంప దించకుండానే వెనక్కి తిరిగింది. దారి పొడుగునా గంపలోంచి ఉప్పునీళ్ళు ఆమె మెడ మీదుగా కారాయి.

చెమ్మనేల మీద ఎండబెట్టిన చేప పైన ఎండి లోపల మెత్తబడేది, మూడో పూటకు పురుగు కనిపించేది. సంతలో ముక్కు మూసుకుని దాటిపోయేవారు. అయిదు రేవులకు కలిపి ధర చెప్పవలసిన వ్యాపారి ఒక్క మా రేవుకు వచ్చి, తనకు తోచిన ధర చెప్పి, ఇష్టమైతే ఇవ్వండని బీడీ వెలిగించుకునేవాడు. ఆ ఏడు వాన ముందే దిగిందనీ, మరబోట్లు వచ్చి చేప అప్పటికే తగ్గుతోందనీ కూడా రాయాలి. నష్టమంతా ఒక్క ఆ ఉదయం నెత్తినే రుద్దడం నిజాయితీ కాదు. కాని వానా మరబోట్లూ దిబ్బపేటకు కూడా వచ్చాయి. అక్కడి ఆడవాళ్ళు సంతలో కూర్చుంటూనే ఉన్నారు. మా అమ్మ గంప అటకెక్కింది. ఆమె రొయ్యలు వలిచే షెడ్డులో చేరి, ఐసునీళ్ళలో వేళ్ళు తిమ్మిరెక్కి వంకరపోయేదాకా పనిచేసింది. పెద్దమ్మ చనిపోయినప్పుడు వెళ్ళి, వాకిట్లోనే నిలబడి, తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ దిబ్బ లేదు. ఇసుక లారీలకెక్కి పోగా మిగిలిన చోట రొయ్యల చెరువులు తవ్వారు. మా రేవులో పెద్దవల లాగేవాళ్ళు లేరు, తాళ్ళూ లేవు, ఏ ఇంటిది ఏ తాడో చెప్పగల పిల్లవాడూ లేడు. అయిదూళ్ళ కట్టు అన్న మాట అంటే, ఏ కాలవ గట్టు అని అడుగుతున్నారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. వంకర వేళ్ళతో మేడ మీద పాతచీర పరిచి గుప్పెడు నెత్తళ్ళు ఎండబెడుతుంది, కాకులను నేనే తోలుతాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. గంప మీద ఎక్కి ఆ రెండు తాళ్ళూ చూపించినప్పుడు, దక్షిణం తాడుకు ఎక్కువ ఇళ్ళున్నాయని మావకు గుర్తుందా లేదా? దిబ్బ ఉత్తరాన ఉంది కాబట్టి నోటికి అలా వచ్చి ఉండవచ్చు, అది నమ్మదగినదే. తన గెలుపు ఎక్కడుందో చూసుకునే అన్నాడని కూడా అనుకోవచ్చు. అదీ అంతే నమ్మదగినది. అనుమానాన్ని రుజువుగా చెలామణి చేస్తే మావకూ నాకూ తేడా ఉండదు. ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే, ఇంకా బతికే ఉన్నాడు, జ్ఞాపకం బాగానే ఉంది. భోజనాల గదిలో వాదన జరిగిన వారానికి ఊరు వెళ్ళి సూటిగా అడిగాను. మావ నన్నూ, నా వెనక సముద్రాన్నీ తీరిగ్గా చూసి, నోట్లోని చుట్ట తీశాడు.

“ఇప్పుడెందుకే ఆ గొడవ? అది జనం తేల్చిందే, గుంటా.”